పిడికిలి మీద నాలుగు వేళ్లు

పదో తరగతి బి సెక్షన్‌కి
టాన్ తీటా అంటే నిద్ర.
మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో నాకూ అంతేననుకోండి.
అందుకే ఓ అమావాస్య రాత్రి
పెదజాలరిపేట ఇసుకలోకి పదకొండు మందిని తెచ్చాను.

చేతిలో చేపల పెట్టె మూత కోసి చేసిన పలక.
నడుమ బెజ్జం. బెజ్జంలో వల అల్లే నైలాన్ దారం.
"దీన్ని కమాల్ అంటారు. పూర్వం అరబ్బు ఓడవాళ్లు
ముడిని పళ్ల మధ్య కరిచి, దారం బిగలాగి,
పలక కింది అంచు నీటి గీత మీద,
పై అంచు చుక్క మీద..."
చెబుతుండగానే నా ముళ్లు జారిపోయాయి.
ఎల్లాజీ నవ్వలేదు. తీసుకుని
తొమ్మిది ముళ్లు వేసి ఇచ్చాడు, వాటివైపు చూడకుండానే.
అర్ధసంవత్సరంలో వందకి పదకొండు తెచ్చుకున్న కుర్రాడు.

"మాస్టారూ, ఉత్తరాన నీటి గీతేదీ?"

నాకు ముందే తట్టాల్సింది.
మన సముద్రం తూర్పున ఉంది.
ఉత్తరాన కైలాసగిరి అడ్డంగా పడుకుని ఉంది,
ఒంటినిండా దీపాలు పెట్టుకుని.
బొమ్మలో ఓడ నడిసంద్రంలో ఉంది. మేం ఒడ్డున.

సరే, ఇంకో దారి.
కోణమానినికి బొప్పాయి కాడ కట్టాం.
దారానికి వలగుండు, అసలైన సీసం.
కాడలోంచి ఒకరు ధ్రువుణ్ణి చూడాలి,
దారం ఎక్కడ ఆగిందో పక్కవారు చదవాలి.
గాలికి గుండు ఊగింది. పదిహేను. ఇరవై ఒకటి. పద్దెనిమిది.
తొంభైలోంచి తీసెయ్యడం ముగ్గురు మరిచారు.
ముప్పై నాలుగు, అది హోటల్ నెత్తిన ఎర్ర దీపం.
దాన్ని కొట్టేసి, సెల్‌ఫోన్ వెలుగులో
ఇసుక మీద కూడి, భాగించి,
పదిహేడున్నరకి కాస్త పైన.
"ఇదే మన అక్షాంశం" అన్నాను,
చప్పట్లు వస్తాయనుకుని.

వెనక తెప్ప మీద చుట్ట కాలుస్తూ
కాసులు తాత, నూకరత్నం వాళ్లమ్మకి నాన్న,
"దానికింత కట్టం దేనికి బాబూ" అని
చెయ్యి చాపాడు. కంటికి మట్టంగా.
ఒక పిడికిలి. దాని మీద నాలుగు వేళ్లు.
పై వేలి మీద చుక్క కూర్చుంది.

"ఇది మనూరు. ఇంకో ఏలు పెరిగితే గోపాల్‌పూరు.
ఓపాలి గాలికి కొట్టుకుపోయి సూసినాను.
ఆ ఏలు తగ్గిందాకా తెరసాప దించనేదు."

మనసులో లెక్క వేశాను.
ఒక వేలంటే డిగ్రీన్నర పైచిలుకు.
డిగ్రీకి అరవై సముద్రపు మైళ్లు.
తొంభై దాటింది. సరిపోయింది.
వీపు మీద ఏదో చల్లగా పాకింది.

అప్పుడు నూకరత్నం లేచి చెయ్యి చాపింది,
రొయ్య మీసాల్లాంటి వేళ్లు.
పిడికిలి. నాలుగు వేళ్లు.
చుక్క కూర్చుంది.

"తాతా, నీ పిడికిలి కొబ్బరికాయంత. నాది నిమ్మకాయంత.
ఇద్దరికీ ఒకటే ఎలగొచ్చింది?"

తాత చుట్ట నోట్లోంచి తీసి నాకేసి చూశాడు.
నా వంతు.
"సరూప..." అని నోరు తెరిచి, మూసేశాను.
ఎల్లాజీ అప్పటికే ముళ్ల దారం తెచ్చి
తాత కంటినుంచి పిడికిలి దాకా పట్టి చూస్తున్నాడు.
రెండో కొస నూకరత్నం పట్టుకుంది, తన కంటి దగ్గర.
మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు.
అలలు రెండు మూడు వచ్చి పోయాయి.

"పిడికిలి పెద్దదైతే సెయ్యి కూడా పొడుగైనాది కదా మాస్టారూ.
బాగారం మారనేదు."

సోమవారం స్లిప్ టెస్టు. మూడో ప్రశ్న,
ఎల్లాజీ కాగితం మీద జవాబు:
ఒక పిడికిలి, నాలుగు వేళ్లు.
ప్రమాణం రాయలేదని అరమార్కు తగ్గించబోయి
మళ్లీ చదివాను.
రాశాడు.

ఎర్ర పెన్ను మూత తీసే ఉంది.
స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి ఉత్తరం వైపు
చెయ్యి చాపాను.
పట్టపగలు. చుక్క ఎక్కడుంటుంది.
అయినా నాలుగో వేలి మీద కాసేపు వెతికాను.